ఊరగాయ జాడీ మీద ఐర్లండు

పెళ్లయి ఓర్వకల్లుకు కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారి వంటింట్లో ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చూశాను. గూట్లోనూ కాదు, అల్మరాలోనూ కాదు, ఊరగాయ జాడీ మీద. జాడీకి వాసెన గుడ్డ కట్టి, మూత పెట్టి, ఆ పైన ఈ పుస్తకాన్ని బోర్లించేవారు ఆవిడ. రాళ్లకు కరువు లేని ఊళ్లో బరువుకు పుస్తకమెందుకండీ అని అడిగితే, "రాయి దొర్లిపోతుంది, ఇదైతే కదలదు. మీ మామ మదనపల్లెలో చదువుకునేటప్పుడు కొన్నాడంట. చదివినాడో లేదో నాకు తెలీదు గానీ, పిల్లి మాత్రం ఇంతవరకు మూత తియ్యలేదు" అన్నారు.

ఆ పుస్తకం పేరు 'వియ్ టూ టుగెదర్'. మన మాటల్లో 'మేమిద్దరం కలిసి' అనుకుందాం. 1950లో మద్రాసులో గణేశ్ అండ్ కంపెనీ వారు వేశారు. ఏడు వందల పేజీలు దాటిన పుస్తకం. రాసినది జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ అనే ఐర్లండు దంపతులు. అప్పట్లో నాకు ఇంతకంటే తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. కొత్త కోడలు ఊరగాయ మీది పుస్తకం తీసి చదువుతానంటే బాగుంటుందా చెప్పండి!

ఇన్నేళ్ల తర్వాత మా ఆడబిడ్డ కొడుకు డబ్లిన్‌లో కంప్యూటరు ఉద్యోగానికి కుదిరాడు. ఓ రోజు ఫోన్ చేసి, "అత్తా, ఇక్కడ పాత పుస్తకాల అంగడిలో కవులవీ నాటకాలవీ పుస్తకాలు బంగారం మాదిరి అమ్ముతున్నారు. జాడీ మీద ఉంటుండె చూడు, ఆ పుస్తకం ఇంకా ఉందా?" అన్నాడు. ఉందన్నాను. అంగడాయన అడగమన్నాడని మూడు ప్రశ్నలు అడిగాడు. అట్ట మీద తొడిగే కాగితపు తొడుగు ఉందా? రాసినవాళ్ల సంతకం ఉందా? మరకలేమైనా ఉన్నాయా? తొడుగు నేను కాపురానికి రాకముందే పోయింది. సంతకం ఉంది గానీ అది మా మామగారిది. మరకంటారా, వెనక అట్ట మీద జాడీ మూతంత గుండ్రంగా నూనె మరక. ఫోటో తీసి పంపాను. మర్నాడు జవాబొచ్చింది: పంపడానికయ్యే ఖర్చు కూడా రాదట.

"అయితే జాడీ మీదే పెట్టు" అన్నారు మావారు.

మా అత్తగారికి మాత్రం రోషం వచ్చింది. "మరక పడిందంటే ఇంట్లో వాడినామనే కదా. వాడని వస్తువుకే ఎక్కువ డబ్బులిచ్చే బేరం ఏం బేరం?" అన్నారు. నాకింకొకటి తట్టింది. మూడు ప్రశ్నలడిగాడు గానీ లోపల ఏముందని నాలుగో ప్రశ్న అడగలేదేం? పుస్తకం తుడిచి, మడత మంచం వేసుకుని కూర్చున్నాను. ఇదిగో, అలా పుట్టిందీ వ్యాసం.

అసలు ఐర్లండు పాత పుస్తకాల మీద ఇంత మోజెందుకో ముందు చెప్పాలి. మన దగ్గర స్వరాజ్య ఉద్యమం, భాషోద్యమం, నాటకం కలగలిసి నడిచిన రోజులున్నట్టే, ఆ చిన్న ద్వీపంలోనూ ఉన్నాయి. యేట్స్ అనే కవి, లేడీ గ్రెగరీ అనే జమీందారిణి, సింజ్ అనే నాటకకర్త వంటివాళ్లు పూనుకుని మా కథలు మేమే చెప్పుకుంటాం, మా వేషాలు మేమే వేసుకుంటాం అన్నారు. 1904 డిసెంబరు 27న డబ్లిన్‌లో ఆబీ థియేటర్ తెర లేచింది. ఆనాటి ప్రదర్శనల కరపత్రాలు, నాటకాల మొదటి ముద్రణలు ఇవాళ గాజు బీరువాల్లో ఉంటున్నాయి.

ఆ బీరువాల్లో మన ఆడవాళ్లం తప్పక చూడవలసిన వరుస ఒకటుంది. యేట్స్‌కు ఇద్దరు చెల్లెళ్లు. లిల్లీ ఎంబ్రాయిడరీలో అందెవేసిన చేయి. ఎలిజబెత్ అచ్చుపని నేర్చుకుని, చేత్తో తిప్పే ప్రెస్సు పెట్టి, ఊళ్లోని ఆడపిల్లలకు అక్షరాలు కూర్చడం నేర్పింది. మొదట ఇంకొకావిడతో కలిసి 'డన్ ఎమర్' పేరుతో నడిపి, 1908 నుంచి 'కువాలా ప్రెస్' అని సొంతంగా నడిపారు. అన్నగారి కవిత్వం చెల్లెలి చేతి మీదుగా అచ్చయ్యేది. మన టాగోర్ 'పోస్టాఫీసు' నాటకం 1913లో ఆబీలో ఆడారు. మరుసటేడు దాన్ని పుస్తకంగా అచ్చువేసింది ఈ కువాలా ఆడపిల్లలే. వేసినవి 400 ప్రతులు. నాకు ధనముంటే ఆ ఒక్క పుస్తకం కొనుక్కుంటాను, టాగోర్ కోసం కొంత, సిరా అంటిన ఆ వేళ్ల కోసం కొంత.

ఈ గాజు బీరువాలో మన జేమ్స్ కజిన్స్‌కు చోటు ఎక్కడ? మూలన. 1873లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన ఈయన ఆబీ కంటే ముందే, 1902 అక్టోబరులో డబ్లిన్‌లో ఫే సోదరుల బృందం ఆడిన నాటకాలు రాశాడు. అంటే పునాది రాళ్లలో ఈయన రాయీ ఉంది. కానీ యేట్స్‌కు ఈయన రాత నచ్చలేదు. పెద్ద కవికి నచ్చకపోతే చిన్న కవి గతి ఏమవుతుందో మన సాహిత్య సభలకు వెళ్లేవారికి వేరే చెప్పాలా!

ఇంకో సంగతి చెబితే నవ్వుకుంటారు. 1904 జూన్‌లో నిలవనీడ లేని ఒక కుర్రవాణ్ని ఈ దంపతులు తమ ఇంట్లో ఒకటి రెండు రాత్రులు ఉంచుకున్నారు. ఇద్దరూ శాకాహారులు. ఆ భోజనం తన కడుపుకు పడలేదని అతను వెళ్లిపోయాడట. ఆ కుర్రవాడే జేమ్స్ జాయిస్. 1922లో వచ్చిన అతని 'యులిసిస్' నవలలో ఒక యువకుడు తన అప్పుల చిట్టా తలచుకుంటాడు. అందులో కజిన్స్‌కు పది షిల్లింగులు బాకీ! మొదటిసారి వెయ్యి ప్రతులు వేసిన ఆ నవల ప్రతి ఒకటి దొరికితే ఇవాళ ఇల్లు కట్టుకోవచ్చు. బాకీపడ్డవాడి పుస్తకం అలా ఉంది. అప్పిచ్చినవాళ్ల పుస్తకం మా ఊరగాయ జాడీ మీద ఉంది.

1915లో అనిబిసెంటు పిలుపు మీద ఈ దంపతులు మద్రాసు వచ్చారు. జేమ్స్ ఆవిడ 'న్యూ ఇండియా' పత్రికలో చేరాడు. 1916లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగితే దాన్ని మెచ్చుకుంటూ రాశాడు, ఉద్యోగం పోయింది. అప్పుడు మన సీమకొచ్చి మదనపల్లె కాలేజీలో ఇంగ్లీషు చెప్పాడు, ఆ తర్వాత ప్రిన్సిపాల్ అయ్యాడు. మధ్యలో జపాను వెళ్లాడు, తిరువాన్కూరు సంస్థానానికి చిత్రకళా సలహాదారుగా ఉన్నాడు, అడయారులో రుక్మిణీదేవి కళాక్షేత్రానికి తోడున్నాడు. చివరికి 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. ఆ ముసలిదొరను దూరం నుంచి చూశానని మా మామగారు చెప్పేవారు.

ఇక రాత సంగతి. జేమ్స్ కవిత్వం గురించి నిజం చెప్పేస్తాను, ఏమీ అనుకోకండి. మాటలు మధురం, లయకు లోటు లేదు, ఆత్మ, జ్యోతి, శిఖరం అన్నీ ఉన్నాయి. చదువుతుంటే తంబురా శ్రుతి చేస్తున్నట్టుంటుంది. ఎంతసేపు కూర్చున్నా కీర్తన మొదలుకాదు. యేట్స్ మీద నాకు కోపమే గానీ, ఈ ఒక్క విషయంలో ఆయన చెవి తప్పు పట్టలేను.

విమర్శకుడిగా ఆయనకు దక్కిన గౌరవం వేరు. 1917లో మద్రాసులోనే అచ్చయిన 'న్యూ వేస్ ఇన్ ఇంగ్లిష్ లిటరేచర్' అనే చిన్న పుస్తకాన్ని అరవిందులు 'ఆర్య' పత్రికలో సమీక్షించబోయారు. ఆ సమీక్ష పెరిగి పెరిగి, 1920 దాకా సాగి, 'ది ఫ్యూచర్ పొయెట్రీ' అనే పెద్ద గ్రంథమైంది. దీపం చిన్నదైనా దాంతో ముట్టించిన దివిటీ పెద్దది.

కవిత్వం పక్కన పెట్టి ఈ ఆత్మకథ తెరిస్తే మాత్రం జేమ్స్ మరో మనిషి. 1919 ఫిబ్రవరిలో టాగోర్ మదనపల్లె వచ్చి కాలేజీలో బస చేసిన కథ రాశాడు చూడండి! ఒక రాత్రి పిల్లలూ పంతుళ్లూ పాటలు పాడుకుంటుంటే, తన పాట ఒకటి పాడవచ్చా అని టాగోర్ అడిగారు. అంత భారీ మనిషికి అంత సన్నటి గొంతేమిటా అని జేమ్స్‌కు ఆశ్చర్యం. పాట మొదలైతే భూగోళ పాఠంలా దేశాల పేర్లు, కొండల పేర్లు, నదుల పేర్లు. రెండో చరణంలో మతాల పేర్లు. పల్లవి మొదటిసారి వచ్చేసరికి అందరూ చెవులు రిక్కించారు, రెండోసారికి గొంతులు సవరించుకున్నారు. మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. అదే జనగణమన! తన చెవికి మొదట ఎలా తోచిందో దాచకుండా, భక్తి తర్వాత ఎక్కడ మొదలైందో అక్కడే చెప్పాడు. ఆ రెండు మూడు పేజీలకు ఆయన పద్యాలన్నీ ఇచ్చేయవచ్చు. టాగోర్ ఆ పాటను ఇంగ్లీషులోకి మార్చి రాసిచ్చిందీ అక్కడే, ఫిబ్రవరి 28న. స్వరాలు కాగితం మీద పెట్టింది మార్గరెట్.

ఇక మార్గరెట్ దగ్గరకు వద్దాం. ఈ పుస్తకం మీద రెండు పేర్లున్నా, అంగడివాళ్లూ పాత పుస్తకాలు పోగుచేసేవాళ్లూ దీన్ని కవిగారి పుస్తకంగానే లెక్కపెడతారు. ఆవిడ రాసిన భాగాలు భార్య కాబట్టి పక్కన కూర్చున్నట్టు. పుస్తకం పూర్తి చేశాక నా లెక్క వేరేలా వచ్చింది.

1878లో రాస్‌కామన్ జిల్లాలోని బోయిల్ అనే ఊళ్లో పుట్టింది మార్గరెట్. సంగీతంలో పట్టా తీసుకుంది. 1903లో పెళ్లి. పెళ్లి విందు కూడా శాకాహారమే, ఐర్లండులో ఆ రోజుల్లో! పెళ్లయిన మొదటి సంవత్సరం తను పాలిపోయి చిక్కిపోయిన సంగతి రాసింది. ఆడామగా శరీర సంబంధం ఇలా ఉంటుందని తెలిశాక తన మనసు ఎంత కుంచించుకుపోయిందో, దాచకుండా, ఏడుపు లేకుండా, నాలుగు మాటల్లో చెప్పింది. మన అమ్మమ్మల తరంలో ఎవరైనా ఇలా రాశారా? మనలో ఎంతమందిమి రాయగలం? భర్త కూడా సంతకం పెట్టే పుస్తకంలో ఆ మాటలు ఉన్నాయి, ఆయన తీసేయించలేదు. అందుకు జేమ్స్‌కు నా నమస్కారం.

ఆపైన ఓటుహక్కు పోరాటం. 1908లో స్నేహితురాళ్లతో కలిసి ఐర్లండులో స్త్రీల ఓటుహక్కు సంఘం పెట్టింది. 1910లో లండన్ హాలోవే జైలు. 1913 జనవరిలో డబ్లిన్ కోటలో కిటికీ అద్దాలు పగలగొట్టి టల్లమోర్ జైలు, అక్కడ నిరాహారదీక్ష. పియానో వాయించే చేతులు రాయి పట్టుకున్నాయి. ఇక్కడికొచ్చాక 1917లో అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టడంలో ముందుంది. అదే ఏడు డిసెంబరులో సరోజినీ నాయుడు ముందు నడవగా స్త్రీల బృందం మద్రాసులో మాంటేగూను కలిసి ఓటు అడిగింది. ఆ విన్నపం వెనక ఉన్న కలం మార్గరెట్‌ది. 1921లో మద్రాసు రాష్ట్రంలో స్త్రీలకు ఓటు వచ్చింది. ఆస్తి షరతులున్నాయి, నిజమే, అయినా వచ్చింది. 1927లో పూనాలో అఖిల భారత మహిళా సభ మొదటి సమావేశానికి పిలుపునిచ్చిందీ ఆవిడే. కొంతకాలం మేజిస్ట్రేటుగా కూర్చున్న మనిషి 1932లో ప్రభుత్వ ఆర్డినెన్సులను ధిక్కరించి, ఏడాది శిక్ష పడితే వెల్లూరు జైలుకు నడిచి వెళ్లింది.

ఇదంతా చరిత్ర పుస్తకాల్లోనూ దొరుకుతుంది. ఇక్కడ దొరికేది గొంతు. జేమ్స్ ఒక సంగతి చెప్పాలంటే ముందు గుమ్మానికి మామిడాకులు కట్టి, ముగ్గు పెట్టి, అప్పుడు లోపలికి పిలుస్తాడు. మార్గరెట్ తలుపు తీసి "రండి, పనుంది" అంటుంది. ఈ ఇద్దరి గొంతులూ ఒకే పుస్తకంలో, ఒకరి తర్వాత ఒకరివి వినబడటమే దీని రుచి. మొగుడూ పెళ్లాం ఒకే సంగతిని పక్కింటివాళ్లకు చెబుతుంటే ఎలా ఉంటుందో తెలుసుగా, అలా!

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. సగానికి కోసినా నష్టం లేనంత పొడుగు. ఈ సభ, ఆ స్వాగతం, ఈ మహారాజు, ఆ దండ. ఉత్తరాది యాత్రలు వచ్చినప్పుడల్లా నేను పేజీలు దాటేశాను, ఒప్పుకుంటున్నాను. పెద్దవాళ్ల పేర్లు దండిగా కనిపించే చోట, వాళ్లింట్లో నీళ్లు తోడి, అన్నం వండిపెట్టిన మనిషి కోసం వెతుక్కున్నాను. చాలాసేపు వెతకవలసి వచ్చింది. మన దేశమంటే ఉన్న ప్రేమ కొన్నిచోట్ల కళ్లకు గంతలు కూడా కట్టింది. అయినా ఆ ప్రేమకు వాళ్లు కట్టిన వెల చిన్నది కాదు. ఆవిడ చివరి ఏళ్లు పక్షవాతంతో మంచానే గడిచాయి, 1954లో అడయారులో పోయింది.

గాజు బీరువాల మాట మళ్లీ ఎత్తితే, నాకు వాళ్ల మీద అసూయే గానీ కోపం లేదు. ఒక నాటకశాల కరపత్రాన్ని నూరేళ్లకు పైగా చిరగకుండా దాచుకోవడం గొప్ప సంగతి. ఆబీ తెర లేవడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే, 1885లో, మన కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు 'కీచకవధ' ఆడించారు. ఆడవేషాలు ఆడవాళ్లే కట్టే నాటక కుటుంబం అది. పిల్ల ఉయ్యాల తెర వెనక, తల్లి ద్రౌపది తెర ముందు. ఆ ఆటల కరపత్రాలు, చేతిరాత నాటక ప్రతులు మనలో ఎందరిళ్లల్లో ఉన్నాయి? ఉన్నా పొయ్యి రాజేయడానికో, పొట్లాలు కట్టడానికో పోయి ఉంటాయి. కడపలోనే బంగళా కొనుక్కుని, పండితులకు జీతాలిచ్చి, చెదలు తింటున్న మన తాళపత్రాలను తిరగరాయించిన బ్రౌన్ దొర కథ మనకు పాఠాల్లో ఉంది. పరీక్షకు చదివాం, ఆనక అటక మీది కట్టలు కాగితాలాయనకు తూకానికి వేశాం.

నేనూ వేశాను లెండి. పెళ్లయిన రెండో ఏడు ఇల్లు సున్నాలు వేయిస్తూ, మామగారి మదనపల్లె రోజుల పుస్తకాలు ఒక గోనెసంచి నిండా ఇచ్చేశాను. "ఇంగ్లీషు కాయితం గట్టిగుంటాదమ్మా, పొట్లాలకు బాగుంటాది" అన్నాడాయన సంతోషంగా. అందులో గణేశ్ కంపెనీవి, చేనేత గుడ్డ అట్టలవి, చిన్నచిన్న పుస్తకాలు ఉండటం గుర్తు. ఏమేమిటో పేర్లు చూడలేదు. జాడీ మీద ఉండబట్టి ఈ ఒక్కటీ బతికింది. మామగారు ఆ సాయంత్రం ఖాళీ గూడు చూశారు, ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

మీ అటకల మీద మద్రాసు అచ్చు పుస్తకాలుంటే ఒకసారి దించి చూడండి. మొదటి పేజీ, వెనక పేజీ చూసి సంవత్సరం, అచ్చువేసినవారి పేరు ఒక నోటుబుక్కులో రాసుకోండి. మన సీమ ఎండకు కాగితం అప్పడంలా పెళుసెక్కుతుంది కాబట్టి కిటికీ ఎదుట పెట్టకండి, గోడకు ఆనించకండి, చెదలు వచ్చేది గోడలోంచే. బాగా ఎండిన వేపాకు, వస కొమ్ము గుడ్డమూటలో కట్టి అరలో ఉంచేవారు మన పెద్దవాళ్లు. పచ్చి ఆకు పెడితే చెమ్మ చేరి బూజు పడుతుంది. చిరిగినచోట ప్లాస్టిక్ టేపు అంటించకండి, నాలుగేళ్లకు అది పచ్చబడి అక్షరాలతో సహా ఊడివస్తుంది. నూనె మరకకు మాత్రం నాకు ఉపాయం దొరకలేదు. ముగ్గుపిండి అద్ది చూశాను, మరక పోలేదు, ముగ్గు మిగిలింది.

మా ఓర్వకల్లు ఆడవాళ్ల పొదుపు సంఘాలకు పేరుపడ్డ ఊరు, మీరు వినే ఉంటారు. లెక్కలు చూసుకోవడానికి మా వసారాలో చేరినప్పుడు ఎదురింటావిడ మంచం మీది పుస్తకం చూసి, "ఇది మీ జాడీ మీదిది కదక్కా? దీంట్లో ఏముంది?" అంది. ఎవరూ అడగని నాలుగో ప్రశ్న! టల్లమోర్ జైలు కథ తెలుగులో చెప్పాను. అద్దాలు పగలగొట్టిందనగానే అందరూ నవ్వారు. తిండి మానేసిందనగానే నవ్వు ఆపి దగ్గరికి జరిగారు.

"మొగుడు ఊరుకున్న్యాడా?" అని ఒకామె.

"ఊరుకోవడమేమి, ఇద్దరూ కలిసే రాసినారు పుస్తకం."

"అయితే ఆయప్ప మంచోడే. మల్లా ఏమాయె? వదిలినారా?"

చీకటి పడుతోంది, లెక్కల పుస్తకం ఇంకా తెరవనే లేదు. మిగతాది వచ్చే వారం చెబుతానన్నాను. మా అత్తగారు లోపలినుంచి కేకేశారు, జాడీ మీదికి ఇంకో బరువు చూడమని.